వావివరసలు: అలిపిరి డైరీ పుటలు

2024 నవంబరు 12, మంగళవారం

తెల్లవారుజాము నుంచి ముసురు. కొండ కనబడలేదు. పాలు తీసుకుని ఇంటికి వచ్చేసరికి మెయిల్‌లో కొత్త పని వచ్చి ఉంది. మూడు పట్టికలు: చెట్లు, ఊళ్ళు, చుట్టరికాలు. తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే ప్రోగ్రామ్ ఒకటి తయారవుతోంది. దానికి ఆంటాలజీ కావాలట. గడువు డిసెంబరు 6.

"ఆంటాలజీ అంటే ఏందమ్మా?" అని బడికి పోతూ పాప అడిగింది. ఆటో వచ్చేసింది, చెప్పలేకపోయాను. ఇక్కడ రాసిపెడతాను, సాయంత్రం చదివి వినిపించవచ్చు.

నిఘంటువు మనిషి కోసం. "చింత: ఒక చెట్టు" అని రాస్తే చాలు, తక్కినది మనకు తెలుసు. యంత్రానికి ఏమీ తెలియదు. చెట్టుకు వేరు ఉంటుందని చెప్పాలి. వేరు చెట్టులో భాగమే గాని చెట్టులో ఒక రకం కాదని చెప్పాలి. చెప్పేదంతా మూడు ముక్కల వాక్యాల్లో ఉండాలి: చింత – ఒక రకం – చెట్టు. వేరు – భాగం – చెట్టు. ఇలాంటివి వందలూ వేలూ పేరిస్తే, చింతకు వేరు ఉంటుందని మనం చెప్పకపోయినా అది తేల్చుకుంటుంది. టామ్ గ్రూబర్ అనే ఆయన 1993లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చాడు. ఒక విషయాన్ని మనం మనసులో ఎట్లా ఊహించుకుంటున్నామో దాన్ని దాపరికం లేకుండా విప్పి రాయడం అని దాని సారాంశం. రాయడానికి ఓడబ్ల్యూఎల్ అని ఒక భాష ఉంది. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2004 ఫిబ్రవరిలో దాన్ని ఖాయం చేసింది. నేను వాడేది ప్రొటెజే. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్, ఉచితం.

చెట్ల పట్టిక తెరిచాను. ఒకచోట "ఎర్రచందనం – ఒక రకం – చందనం" అని ముందే నింపి ఉంది. ఎవరు నింపారో గాని పేరు చూసి నింపారు. ఇంగ్లీషులో రెడ్ శాండల్‌వుడ్ అంటారు, సంస్కృతంలో రక్తచందనం అంటారు. మూడు భాషల్లోనూ పేరు ఒకే అబద్ధం చెబుతోంది.

అత్తను అడిగాను. ఆమె మాట్లాడకుండా లోపలికి పోయి, ఇనుప పెట్టెలోంచి పెళ్ళినాటి ఎర్రచందనం బొమ్మల జత తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసనొస్తా ఉందా మే?"

రాలేదు. పాత గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. "అరగదీస్తే ఎర్రగా వస్తాది. వాసన రాదు. అది గంధం చెట్టు యాడయితాది?" అంది.

అత్త ముక్కు చెప్పిందే వృక్షశాస్త్రమూ చెబుతుంది. గంధం చెట్టు కుటుంబం వేరు. అది పక్క చెట్ల వేళ్ళలోకి తన వేళ్ళు దించి నీళ్ళూ సత్తువా లాక్కునే చెట్టు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబంలోది. కంది, కానుగ, చింత, అన్నీ దాని చుట్టాలే. దగ్గరి చుట్టం వేగిస. మా వీధి చివర కంచె లోపల నాలుగు ఎర్రచందనం చెట్లు ఉన్నాయి. బెరడు మొసలి వీపులాగా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. కాయ గుండ్రంగా, పలచగా, చుట్టూ రెక్కతో ఉంటుంది. గంధం చెట్టుది చిన్న నల్లటి పండు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళెవరూ ఒకదాని కింద ఒకటి రాయరు.

రాస్తే ఏమవుతుంది? "చందనం నుంచి సువాసన తైలం తీస్తారు" అనే వాక్యం పైన ఉంది. ఆ వాక్యం ఎర్రచందనానికి కూడా దిగుతుంది. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా అడవిగా పెరగని చెట్టు ఇది. దీని అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి సైటిస్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. అలాంటి చెట్టు గురించి తెలుగు యంత్రం తెలుగు పిల్లలకు తప్పు చెప్పకూడదు.

2024 నవంబరు 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. కపిలతీర్థం రోడ్డు కిక్కిరిసిపోయింది. దీపం పెట్టి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు.

ఊళ్ళ పట్టిక. అలిపిరి – భాగం – తిరుపతి. బాగానే ఉంది. తిరుపతి – భాగం – చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 దాకా ఇది నిజం. ఆ రోజు తిరుపతి జిల్లా వేరుపడింది. "భాగం" అనే సంబంధం మెట్లు మెట్లుగా పైకి పోతుంది గనుక, నడుమ ఒక్క మెట్టు మారితే కింద ఉన్న ప్రతి ఊరూ, ప్రతి వీధీ కొత్త జిల్లాలోకి పోతుంది. మంచిదే. కానీ పాత దస్తావేజు మీద "చిత్తూరు జిల్లా, అలిపిరి" అని ఉంటే అది తప్పు కాదు. కాబట్టి ప్రతి వాక్యానికీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని రెండు తేదీలు తగిలించాను. పట్టికలో అందుకు చోటు లేదు, నేనే చేర్చాను.

"అలిపిరి – ఒక రకం – ?" దగ్గర ఆగిపోయాను. ఊరా? పేటా? నడిచి కొండెక్కేవాళ్ళకు 3,550 మెట్ల దారికి మొదలు. బస్సులో పోయేవాళ్ళకు సామాన్లు దించి తనిఖీ చేయించుకునే చోటు. మాకు ఇంటి చిరునామా. అడుగున చింతచెట్టు ఉన్న చోటు గనుక తమిళంలో అడిపుళి, అదే అలిపిరి అయిందని పెద్దవాళ్ళు చెబుతారు. మూడు రకాల కిందా రాశాను. ఒక వస్తువు ఒకే గూట్లో ఉండాలనే నియమం బీరువాకు ఉంటుంది గాని ఆంటాలజీకి లేదు.

2024 నవంబరు 19, మంగళవారం

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

చుట్టరికాల పట్టిక హిందీ మీద కట్టినది. ఎడమవైపు హిందీ పదాలు, వాటి మధ్య సంబంధాలు, నియమాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కుడివైపు తెలుగు గడులు ఖాళీ. నేను నింపాలి. మొదట పేర్లు నింపుకుంటూ పోయాను. బువా: మేనత్త. మామీ: అత్త. సాస్: అత్త. వాళ్ళకు మూడు పదాలు, మనకు ఒకటే. పైకి చూస్తే తెలుగు పేదదనిపిస్తుంది.

అది పేదరికం కాదు. మా అత్త మా నాన్నకు అక్క. పుట్టినప్పటి నుంచి ఆమెను అత్తా అనే పిలిచాను. ఆమె కొడుకును బావా అన్నాను. పెళ్ళయింది. ఆమె అత్తే, ఆయన బావే. నేను పిలిచే పిలుపు ఒక్కటీ మారలేదు. మేనత్త, మేనమామ భార్య, భర్త తల్లి, ఈ ముగ్గురినీ ఒకే మాటతో పిలిచే భాష ఆ మాటలోనే ఒక నియమం దాచిపెట్టింది. వీళ్ళ ఇంట్లో పిల్లనివ్వచ్చు, తెచ్చుకోవచ్చు అని. అదే చిన్నాయన పిల్లలు, పిన్నమ్మ పిల్లలు అయితే అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. అక్కడ వరస కుదరదు.

పరీక్ష కోసం మా ఇంటి వాక్యాలే రాశాను. పేర్లకు బదులు అంకెలు పెట్టాను. రెండు – కూతురు – ఒకటి. మూడు – అక్క – ఒకటి. నాలుగు – కొడుకు – మూడు. నాలుగు – భర్త – రెండు. హెర్మిట్ అని, వాక్యాల్లో పొసగనివి ఉన్నాయేమో తర్కించి చెప్పే భాగం ఒకటి ప్రొటెజేలోనే ఉంటుంది. దాన్ని నడిపాను. ఒక్క క్షణంలో పెట్టె తెరుచుకుంది: ఈ ఆంటాలజీలో పరస్పర విరుద్ధమైన మాటలు ఉన్నాయి. కారణం అడిగితే వరసగా చూపించింది. తండ్రి అక్క కొడుకు "ఫుఫేరా భాయి". ఫుఫేరా భాయి "భాయి"లో ఒక రకం. భాయి, భర్త ఒకే మనిషి కారాదు. కాబట్టి నేను రాసిన దాంట్లో ఏదో ఒకటి అబద్ధం కావాలి.

పద్ధెనిమిదేళ్ళ సంసారం. అబద్ధం కావాలట.

యంత్రం తప్పు చేయలేదు. ఇచ్చిన మాటల మీద అది సరిగ్గా తర్కించింది. తప్పు ఆ మాటలు పేర్చిన చోట ఉంది. హిందీ సీమలో మేనత్త కొడుకు అన్నే. వాళ్ళ పట్టిక వాళ్ళకు నిజం. దాన్ని పట్టుకొచ్చి పక్కన తెలుగు పేర్లు రాస్తే అది తెలుగు కాదు. తెలుగు అక్షరాల్లో ఉన్న హిందీ చుట్టరికం.

1955 హిందూ వివాహ చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళి నిషిద్ధమని రాస్తూనే, ఆ రెండు వైపులా ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందని 5వ సెక్షన్‌లో మినహాయింపు పెట్టారు. అంతకు చాలా ముందే, 1871లో, లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికా ఆయన ప్రపంచంలోని పలు భాషల బంధువుల పేర్లకు పట్టికలు వేస్తూ తమిళం, తెలుగు, కన్నడ పదాలను అందులో చేర్చాడు. ఆ పద్ధతికి పండితులు పెట్టిన పేరే ద్రావిడ బంధుత్వం. నూటయాభై ఏళ్ళ కిందట అచ్చయిన సంగతి ఇవాళ్టి పట్టికలో లేదు.

మేనరికాలు వద్దని డాక్టర్లు చెప్పేది నిజమే. పాపకు ఆ మాట నేనే చెబుతాను. కానీ ఉన్న చుట్టరికాన్ని తప్పుగా రాయడం వేరే సంగతి.

రాత్రి పది. కుప్పం వాళ్ళ పని గుర్తొచ్చింది. అక్కడి ద్రావిడ విశ్వవిద్యాలయంలో తెలుగు వర్డ్‌నెట్ కట్టారు. ప్రిన్స్‌టన్‌లో జార్జ్ మిల్లర్ 1985లో ఇంగ్లీషుకు మొదలుపెట్టినదే దీనికి మూలం. ఒకే అర్థం వచ్చే మాటలన్నీ ఒక కట్టగా చేసి, కట్టకూ కట్టకూ మధ్య "ఒక రకం", "భాగం" లాంటి ముడులు వేస్తారు. ఐఐటీ బొంబాయి హిందీకి చేసింది. హిందీ కట్టల అంకెలను అలాగే ఉంచి ఒక్కొక్క భారతీయ భాష తన మాటలు చేర్చుకుంటూ పోతే ఇండోవర్డ్‌నెట్ అయింది. ఈ దారిలో పోతే ఏళ్ళ తరబడి శ్రమ మిగులుతుంది. ఒకే అంకెతో పద్ధెనిమిది భాషలు కలుస్తాయి, అనువాదానికి అది పెద్ద సాయం. నష్టం కూడా ఉంది. హిందీలో లేని తెలుగు ఊహకు ఎవరైనా పూనుకుని కొత్త అంకె వేస్తే తప్ప చోటు దొరకదు. "వరస" అనే మాటకు హిందీలో ఏ అంకె వేస్తారు?

2024 నవంబరు 20, బుధవారం

పని ఇచ్చినవాళ్ళకు సంగతి రాసి పంపాను. మధ్యాహ్నానికి జవాబు: నిర్మాణం మార్చవద్దు, తెలుగు పేర్లు మాత్రం నింపండి. అన్ని భాషలకూ ఒకే నిర్మాణం ఉంటేనే వాళ్ళకు వీలట.

బావను అన్న కింద రాయలేను. డబ్బు మాట తర్వాత.

2024 నవంబరు 24, ఆదివారం

మామ పుస్తకాల బీరువా తుడుస్తుంటే తర్కసంగ్రహం దొరికింది. ఆయన సంస్కృత విద్యాపీఠంలో చదువుకున్నప్పటిది. అట్ట ఊడిపోయింది. ప్రతి పేజీ పక్కన పెన్సిల్ రాతలు.

అన్నంభట్టు మన తెలుగువాడు, పదిహేడో శతాబ్దం. తర్కం మొదలుపెట్టే పిల్లలకు ఇప్పటికీ ఈ చిన్న పుస్తకమే ఇస్తారు. లోకంలో ఉన్న సమస్తాన్నీ ఏడు పదార్థాలుగా విడదీస్తాడు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. ద్రవ్యాలు తొమ్మిది, గుణాలు ఇరవైనాలుగు, కర్మలు అయిదు. ప్రొటెజేలో ఎడమపక్క తెరుచుకునే చెట్టు అచ్చం ఇలాగే ఉంటుంది. పదార్థం అంటే మనకిప్పుడు తినేదో, ముట్టుకునేదో. తర్కంలో పదార్థమంటే పదానికి అర్థమైనది, మాట వేలుపెట్టి చూపించేది ఏదైనా సరే. ఆంటాలజీకి తెలుగు మాట వెతుకుతున్నవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. పదార్థవ్యవస్థ అంటే నాకు బాగానే ఉంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంస్కృత శాఖలో అమరకోశాన్ని ఇలాగే కంప్యూటర్‌కు అందించారు. శివజ నాయర్, అంబా కులకర్ణి చేసిన పని. అమరసింహుడు శ్లోకాల్లో పక్కపక్కన కూర్చోబెట్టిన మాటల మధ్య ఉన్న సంబంధాలను విప్పి గుర్తులు పెట్టారు. జాతికీ ఉపజాతికీ మధ్య పరాపర సంబంధం, ముక్కకూ మొత్తానికీ మధ్య అవయవావయవి సంబంధం, తండ్రికీ బిడ్డకూ మధ్య జన్యజనక భావం, భార్యాభర్తలకు పతిపత్నీ భావం, యజమానికీ సొత్తుకూ స్వస్వామి భావం. సంబంధాల పేర్లు బయటి నుంచి తేలేదు, ఆ శాస్త్రంలోంచే తీసుకున్నారు. నాకు అది నచ్చింది.

సంస్కృతమే కంప్యూటర్‌కు తగిన భాష అని నాసా చెప్పిందని మన ఊళ్ళో ప్రతి సభలోనూ వింటాం. ఆ మాటకు మూలం రిక్ బ్రిగ్స్ 1985లో రాసిన ఒక వ్యాసం. సంస్కృత వైయాకరణులు వాక్యాన్ని విడగొట్టి చెప్పే పద్ధతి, కృత్రిమ మేధలో అర్థాలను వలలాగా అల్లే పద్ధతి ఒకటే అన్నాడు. ఉన్నది అంత. అది చిన్న మాటేమీ కాదు. దాన్ని పెంచి చెప్పేవాళ్ళు మామ పుస్తకం ఒక్క పేజీ తిప్పి ఉండరు.

2024 నవంబరు 30, శనివారం

ఫెంగల్ తుపాను. పొద్దున్నుంచి ఒకటే వాన. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో ఉన్న చార్జీతో పని చేశాను.

చెట్ల పట్టికలో ఒకటి తేల్చుకోవాలనుకున్నాను. ఎర్రచందనాన్ని వేగిస పక్కన చిక్కుడు కుటుంబంలో పెట్టాను. పాత తప్పును కూడా తీసేయకుండా చందనం కింద అలాగే ఉంచాను. హెర్మిట్‌ను నడిపితే ఏ తప్పూ చూపలేదు. రెండు కుటుంబాల్లోనూ ఉండే చెట్టు ఉండవచ్చు అనుకుంటుంది అది. ఇది అది కాదు అని మనం చెప్పేదాకా దానికి తెలియదు.

మామ పెన్సిల్‌తో రాసుకున్నారు: "ఘటం పటం కాదు – అన్యోన్యాభావం." కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు. ఆ లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కపెట్టి పేరు పెట్టారు. ఓడబ్ల్యూఎల్‌లో దీనికి సరిగ్గా ఒక వాక్యం ఉంది. ఈ రెండు వర్గాలకు ఉమ్మడి సభ్యులు లేరు అని చెప్పడం. గంధం కుటుంబం, చిక్కుడు కుటుంబం, రెంటి మధ్యా ఆ వాక్యం రాసి మళ్ళీ నడిపాను. "ఎర్రచందనం" అనే పేరు ఎర్రటి అక్షరాల్లోకి మారింది. ఇలాంటిది లోకంలో ఉండజాలదు అని దాని అర్థం. చందనం కింద ఉన్న గీత తీసేశాను. పేరు మళ్ళీ నల్లబడింది.

అభావాలు నాలుగు. మిగతా మూడు చీకట్లో కూర్చుని అత్తకు చెప్పాను. ఇంకా పుట్టనిదాని లేకపోవడం ప్రాగభావం. ఉండి పోయినదాని లేకపోవడం ప్రధ్వంసాభావం. ఎప్పుడూ లేనిదాని లేకపోవడం అత్యంతాభావం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"మీ బావకు ముందు ఒగడు పుట్టినాడు. పదకొండు దినాలుండి పోయినాడు. రేషన్ కార్డులో లేడు, యాడా లేడు."

నేను మొన్న రాసిన మా ఇంటి వాక్యాల్లోనూ లేడు. నాలుగు – కొడుకు – మూడు. అంతే. ఓడబ్ల్యూఎల్‌లో ఒక మంచి గుణం ఉంది. రాయనంత మాత్రాన లేదని అనుకోదు, తెలియదని అనుకుంటుంది. ఆఫీసుల్లో పట్టికలు అలా కాదు. ఖాళీ గడి ఉంటే లేదనే లెక్క. పుట్టనివాడికీ, పుట్టి పోయినవాడికీ, ఎన్నడూ లేనివాడికీ అక్కడ ఒకటే ఖాళీ.

ఐదో అంకె వేసి, రెండు తేదీలతో ఆ వాక్యం రాశాను. సంవత్సరం అత్త చెప్పింది.

2024 డిసెంబరు 5, గురువారం

వాన వెలిసింది. కొండ మీద రాళ్ళు కడిగినట్టున్నాయి.

నిన్న మళ్ళీ రాశాను. ఈసారి పొడుగు ఉత్తరం కాదు. నాలుగు వాక్యాలు, హెర్మిట్ చూపించిన తప్పు తెర బొమ్మ, వివాహ చట్టం 5వ సెక్షన్. హిందీ నిర్మాణాన్ని ముట్టుకోను, తెలుగుకు పక్కన వేరే కొమ్మ కడతాను, రెంటికీ సరిపోయే చోట మాత్రం ముడి వేస్తాను అన్నాను. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, భార్య, భర్త: ఈ ఆరింటి దగ్గర రెండు భాషలూ కలుస్తాయి. తక్కినవి వీటి నుంచి ఎవరి భాషలో వాళ్ళు కట్టుకోవచ్చు. తమిళానికీ కన్నడానికీ ఇదే కొమ్మ పనికొస్తుందని కూడా చెప్పాను.

పొద్దున జవాబు వచ్చింది. తెలుగు కొమ్మకు ఒప్పుకున్నారు. ఎర్రచందనం మార్పు కూడా ఉంచుతామన్నారు. ఊళ్ళకు నేను చేర్చిన తేదీల గడులు మాత్రం ఇప్పుడు కుదరవట. అది సరికాదని మళ్ళీ రాస్తాను.

మధ్యాహ్నం దాకా కూర్చుని చుట్టరికాలు పూర్తిచేశాను. అత్త పక్కనే కూర్చుని ఒక్కొక్క పిలుపూ సరిచూసింది. అక్క మొగుడు బావే, మొగుడి అన్న బావే, మేనమామ కొడుకు పెద్దవాడైతే బావే. పాప బడి నుంచి వచ్చి మా ఇంటి వాక్యాలతో హెర్మిట్‌ను తనే నడిపింది. ఏ పెట్టే తెరుచుకోలేదు.

సాయంత్రం అయిదింటికి ఫైలు పంపించాను. అందులో బావకు పై గడి సోదరుడు కాదు, వరస.